మొదటి బిందె నీళ్లు

నీటి సరఫరాలో చేరిన ప్రతివాడికీ మొదటి రోజు ఒక మ్యాపు ఇస్తారు. నాకూ ఇచ్చారు. డెబ్బయ్యో దశకం నడుమ, డిప్లొమా పూర్తిచేసి విశాఖపట్నంలో సూపర్‌వైజరుగా చేరినప్పుడు, గుడ్డకి అతికించిన నీలం కాగితం మీద తెల్ల గీతలతో ఊరి పైపులన్నీ గీసి ఉన్న ఆ మ్యాపు చూసి, ఊరంతా నాకు తెలిసిపోయిందనుకున్నాను.

మా మొదటి ఇంజినీరు రామదాసు గారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మ్యాపు మడిచి నా సంచిలో తనే పెట్టి, "ఇది రాత్రి పడుకునే ముందు చూసుకో. పగలు మాత్రం నడు. సైకిలు కూడా వద్దు" అన్నారు. చాదస్తం అనుకున్నాను. నెల తిరక్కుండానే ఆయన మాట అర్థమైంది. ఆ మ్యాపు గీసేనాటికి లేని వీధులు నేను చేరేనాటికి జనంతో కిటకిటలాడుతున్నాయి. రేవు పెరుగుతోంది, రిఫైనరీ పెరుగుతోంది, ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందన్న కబురుకే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనుషులు దిగుతున్నారు. ముందు ఒకడు వచ్చి బావ ఇంట్లో అరుగు మీద పడుకుంటాడు. పని దొరకగానే భార్యని తెచ్చుకుంటాడు. ఖాళీగా ఉన్న కొండవాలు మీద పాక వేస్తాడు. మరుసటి నెల అతని పక్కన తమ్ముడి పాక లేస్తుంది. దువ్వాడ వైపు నిన్నటిదాకా దున్నిన చేలల్లో ప్లాట్ల రాళ్లు కనిపించేవి. వీళ్లందరికీ నీళ్లు కావాలి. జలాశయాల్లో ఉన్నది పాత ఊరికి సరిపడా నీరే.

కొత్తగా ఈ పనిలో చేరుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి మీకు అక్కర్లేదు. నేను చేసిన ఒక తప్పు, దాని వెంట నడిచిన ఒక ఏడాది మాత్రం మీకు పనికొస్తాయి.

అప్పల్రాజు

నాకు పని నేర్పింది కాలేజీ కాదు, మా ఫిట్టర్ అప్పల్రాజు. విజయనగరం దగ్గర పల్లెలో రైతు కుటుంబం. పొలం చాలక చిన్నప్పుడే పట్నం వచ్చాడు. ఒక ఇనుప కడ్డీ ఒక కొస రోడ్డు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, భూమి కింద పైపు ఎక్కడ కారుతోందో చెప్పేవాడు. నేను పెట్టుకుంటే లారీల రొద తప్ప ఏమీ వినపడేది కాదు.

"నాకేం వినపడటం లేదు అప్పల్రాజూ" అన్నాను మొదటిసారి.

"ఒక్క పాలి పెట్టీసి తీసీత్తే ఏటినపడతాది బాబూ? నాను ఇరవయ్యేళ్ల నుంచి ఇంటన్నాను. పైపు ఊరికే ఉండదు. సెప్తానే ఉంటాది" అన్నాడు.

అక్షరం ముక్క రాని ఆ మనిషిని నేను 'అప్పల్రాజూ' అని పిలిచేవాణ్ని, అతను నన్ను 'బాబూ' అనేవాడు. వయసులో మా నాన్న ఈడువాడు. మా నాన్న మిషన్ స్కూల్లో ఉపాధ్యాయుడు. పనివాళ్లని గౌరవంగా పిలవాలని ఇంట్లో రోజూ చెప్పేవారు. ఉద్యోగంలో చేరాక ఆ పాఠం మర్చిపోయాను. ఇది చిన్న సంగతి అనుకోకండి. కింది మనిషి మాట చెవికి ఎక్కకపోవడం ఇలా పిలుపుల దగ్గరే మొదలవుతుంది.

నేను తాగిన గ్లాసు

మల్కాపురం వెనక కొండవాలు మీద ఒక బస్తీ వెలిసింది. మా ఆఫీసులో దాన్ని కొత్తపాకలు అనేవాళ్లం. రేవులో బస్తాలు మోసేవాళ్లు, రిఫైనరీలో రోజుకూలీలు ఉండేవారు. వాళ్లు ఆఫీసుల చుట్టూ ఎంతో తిరిగాక ఆ బస్తీకి ఒక లైను, నాలుగు వీధి కుళాయిలు మంజూరయ్యాయి. పైపు అక్కడికి చేరాలంటే మధ్యలో ఒక గెడ్డ దాటాలి. మా వైపు వాగునీ, మురుగు కాలువనీ కూడా గెడ్డ అనే అంటాం. ఇది రెండూను. పైన కురిసిన వానా, కింద ఇళ్ల మురుగూ అందులోనే పారేవి. దాని మీద చిన్న వంతెన ఉంది. పైపుని వంతెన పక్కన ఎత్తుగా, మురుగు తగలకుండా బిగించి తీసుకెళ్లాలని ప్లాను.

పని అయిందని కంట్రాక్టరు మనిషి వచ్చిన రోజు ముసురు పట్టింది. గెడ్డ దాకా మోకాలి లోతు బురద. "వంతెన కాడ ఎత్తుగా కట్టీసినాం సార్, సూడక్కర్లేదు" అన్నాడు. నేను టీ దుకాణం చూరు కింద నిలబడే పని ప్లాను ప్రకారం అయిందని కొలతల పుస్తకంలో సంతకం పెట్టాను. ఆ తర్వాత ఆ వంతెన మీంచి ఎన్నోసార్లు నడిచాను. ఒక్కసారి కూడా పక్కకి వంగి చూడలేదు.

రెండేళ్లు గడిచాయి. ఒక వేసవిలో నీళ్లు అడుగంటి, ఊరంతా రోజు విడిచి రోజు ఒక గంట నీళ్లివ్వడం మొదలుపెట్టాం. అప్పుడే ఒక రోజు కొత్తపాకల నుంచి నీలమ్మ మా ఆఫీసుకి వచ్చింది. పూర్ణా మార్కెట్‌లో ఎండుచేపలు అమ్మే మనిషి. గంప గుమ్మం బయట దింపి లోపలికి వచ్చింది.

"బాబూ, మా కులాయి నీల్లు వాసనొత్తన్నాయి."

"అన్ని కుళాయిలూనా?"

"అన్నీని. మొదట బిందె వాసనేత్తాది. మూడు నాలుగు బిందెలు పోనాక బాగుంటాయి. అందుకే ఎవులూ సెప్పినా నమ్మట్నేదు. నువ్వొచ్చి సూడు."

నిజం రాయాలి కదా. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఇది: పొద్దస్తమానం ఎండుచేపల మధ్య కూర్చునే మనిషికి నీళ్ల వాసన ఏం తెలుస్తుంది? పైకి అనలేదు. రెండు రోజుల తర్వాత వెళ్లాను. వెళ్లేసరికి నీళ్లు వదిలి అరగంట దాటింది. కుళాయి దగ్గర జనం ఉన్నారు. నీలమ్మ, ఆమె భర్త సన్యాసి కూడా ఉన్నారు. సన్యాసి రేవు కూలీ, ఆరడుగుల మనిషి, నవ్వు ముఖం. నేను ఒక గ్లాసు అడిగి, కుళాయి కింద పట్టి, అందరూ చూస్తుండగా గడగడా తాగేశాను. నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి.

"బాగానే ఉన్నాయి కదమ్మా. బిందెలు శుభ్రంగా తోముకోండి" అన్నాను.

"ఇప్పుడు బాగుంటాయి బాబూ. మొదట బిందెప్పుడు రమ్మన్నాను గదా" అంది నీలమ్మ.

అప్పల్రాజు నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "బాబూ, ఎల్లుండి నీల్లొదిలే యేలకి ఒచ్చి సూద్దాం. ఆవిడ సెప్పిన మాట కొట్టీసేది కాదు." సరేనన్నాను. ఎల్లుండికి ఆఫీసులో వేరే పని తగిలింది. మళ్లీ వెళ్లలేదు. ఫిర్యాదు పుస్తకంలో 'పరీక్షించాను, నీరు బాగున్నది' అని రాసి మూసేశాను.

సన్యాసి

తొలకరి వానలు పడిన వారానికి కొత్తపాకల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదట పిల్లలు, తర్వాత పెద్దలు. పెద్దాసుపత్రి వరండాలో కింద పడుకోబెట్టి సెలైన్లు పెట్టారు. చాలామంది లేచి తిరిగి వచ్చారు. సన్యాసి రాలేదు. పొద్దున డ్యూటీకి వెళ్లినవాడు మధ్యాహ్నానికి పడిపోయాడట. మర్నాడు సాయంత్రానికి పోయాడు.

ఆ కబురు నాకు అప్పల్రాజు తెచ్చాడు. అతనే, "ఎల్దాం బాబూ. ఎల్లకపోతే మరి ఎప్పుడూ ఎల్లలేం" అన్నాడు.

నీలమ్మ పాక ముందు కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లు. నేను ఎదురుగా నిలబడ్డాను. ఆమె అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అలా చేసి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"నాను ఆ నీల్లు తాగొద్దన్నాను బాబూ. పై ఈదిలోంచి తెచ్చుకుందారన్నాను. 'ఇంజినీరు బాబు మన ముంగటే తాగినాడు గదా, నీకేటే అంత బయం' అన్నాడు. నువ్వు తాగినావని తాగినాడు" అంది.

అరవై ఏళ్లు దాటిన ఈ వయసులో కూడా ఆ మాట నా చెవిలో ఉంది. ఆ రోజు తిరిగి వస్తూ గెడ్డ వంతెన దగ్గర ఆగిపోయాను. పక్కకి వంగి చూశాను. వంతెన పక్క ఏ పైపూ లేదు.

గెడ్డ కింద

మర్నాడు పొద్దున్నే లైను వాల్వు మూయించాం. అప్పల్రాజు నన్ను కొత్తపాకల కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, తడిపిన కాగితం ముక్క కుళాయి మూతికి అంటించాడు. కాగితం రాలిపడలేదు. లోపలికి పీల్చుకుపోయి అతుక్కుంది.

"సూసినావా బాబూ? మనం నీల్లు ఆపినప్పుడల్లా ఈ పైపు పీలుత్తాది. ఇక్కడ గాలి పీలుత్తంది. గెడ్డ కాడ ఏటి పీలుత్తందో మరి."

గెడ్డకి అడ్డంగా ఇసుక బస్తాలు వేసి మురుగు పక్కకి మళ్లించాం. అప్పల్రాజుతోపాటు నేనూ దిగాను. నడుము లోతు బురద తవ్వాక పైపు తగిలింది. గెడ్డ అడుగునే వేసేశారు. రెండు పైపులు కలిసే చోట పోసిన సీసం ఊడిపోయింది, లోపల కూరిన జనపనార కుళ్లి నల్లబడింది. వేలు పెడితే లోపలికి దిగింది. నీళ్లు వదిలినప్పుడు అక్కణ్నుంచి మంచినీళ్లు బయటికి కారేవి. ఆపినప్పుడు మురుగు లోపలికి పోయి, మళ్లీ వదిలినప్పుడు మొదటి బిందెలో పడేది. నీలమ్మ చెప్పింది అక్షరాలా అదే. నాకు అర్థం కావడానికి ఒక మనిషి పోవలసి వచ్చింది.

ఏమని రాయాలి

రామదాసు గారు అప్పటికే రిటైరయ్యారు. ఆయన కుర్చీలోకి వచ్చినాయన పేరు మూర్తిగారు అనుకుందాం. చెడ్డమనిషి కాదు. నా పిల్లలకి జబ్బు చేస్తే తన కారు పంపినవాడు. భయస్తుడు, అంతే. ఈ ఉద్యోగంలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం దుర్మార్గుల వల్ల జరగలేదు, భయస్తుల వల్ల జరిగింది.

తలుపు వేసి నన్ను కూర్చోబెట్టారు. "వరదకి పైపు కదిలి జాయింటు ఊడిందని రాయి. వాన పడింది, గెడ్డ పొంగింది. అబద్ధమేం కాదు కదా."

"పైపు వేసిందే గెడ్డలో సార్. నేను చూడకుండా సంతకం పెట్టాను."

"ఆ మాట కాగితం మీద పెడితే నీ ఉద్యోగం పోతుంది. నా మీదికీ వస్తుంది. నీకిద్దరు ఆడపిల్లలు. పోయిన మనిషిని తేగలమా?"

రెండు రోజులు ఆలోచించాను. ధైర్యవంతుణ్ని అని చెప్పుకోను. అయితే ఒక్క విషయం మాత్రం నన్ను వదల్లేదు. అదే కంట్రాక్టరు ఆ రెండేళ్లలో మా ఏరియాలో ఇంకొన్ని బస్తీలకి లైన్లు వేశాడు. వాటికీ గెడ్డలు అడ్డమే. వరద వల్ల ఊడిందని రాస్తే ఈ ఒక్క జాయింటు బిగించి ఊరుకుంటారు. మిగతా చోట్ల ఎవరూ తవ్వరు. తవ్వించాలంటే తప్పు ఎలా జరిగిందో రాయాలి. అది రాయాలంటే నా పేరు రాయాలి. వేరే దారి లేదు.

మా ఆవిడ స్కూలు టీచరు. నేను రాసింది ఆమెకి చూపించాను. మొత్తం చదివి, "'పర్యవేక్షణ లోపం జరిగినది' అని రాశారేమిటి? లోపం దానంతట అది జరుగుతుందా? 'నేను చూడలేదు' అని రాయండి" అంది. కొట్టేసి అలాగే రాశాను.

రిపోర్టు ఇచ్చిన వారానికి చార్జి మెమో వచ్చింది. టీ దుకాణం దగ్గరి సంతకం సంగతి బస్తీకంతా తెలిసింది. మూర్తిగారు నెల రోజులు నాతో మాట్లాడలేదు.

నీళ్లు లేని రోజులు

ఈలోగా కొత్తపాకల లైను మూసే ఉంచాను. వంతెన పక్కన ఇనుప చట్రాలు బిగించి, ఎత్తున కొత్త పైపు వేసేదాకా తెరవనన్నాను. మూడు వారాల పని. ట్యాంకరు లారీ రోజుకొకసారి వచ్చేది. బిందెల యుద్ధాలు జరిగేవి. నాలుగో రోజు జనం నన్ను చుట్టుముట్టారు.

"నీల్లిత్తావా నేదా? జాయింటు బిగించీసినారంట గదా. తిప్పు వాల్వు!" అని ఒక నడివయసు మనిషి నా చొక్కా పట్టుకున్నాడు.

"బిగించినది గెడ్డలోనే ఉంది. మళ్లీ ఊడుతుంది. నేను తిప్పను" అన్నాను.

"మేం ఏటి తాగాల మరి? ఈ లెక్చర్లు మాకొద్దు!"

రాయి ఒకటి వచ్చి అప్పల్రాజు భుజానికి తగిలింది. నేను అతనికి అడ్డం వెళ్లాను. అప్పుడు నీలమ్మ వచ్చింది. గుంపుని తోసుకుంటూ వచ్చి, నా చొక్కా పట్టుకున్న చేతిని విదిలించింది.

"ఒగ్గీ! ఆడి మీద నీకన్నా నాకు కోపం ఉంది. ఐనా ఇప్పుడు ఆడు సెప్పింది నిజిం. మొదట బిందె వాసనేత్తాదని నాను ఈదీదీ తిరిగి సెప్తే మీరందరూ నవ్వినారు. ఎండుసేపలదానికి వాసనేటి తెలుత్తాదన్నారు. ఇప్పుడు మళ్లీ అవే నీల్లు కావాలేటి? తాగీసి ఎవుడు పోతాడు ఈసారి?"

ఎండుచేపల మాట నాకూ తగిలింది. నేను తల వంచుకున్నాను.

నీలమ్మ నా వైపు తిరిగింది. "మూడు వారాలన్నావు. మనుసులుంటే ఎన్నాల్లవుద్ది?"

"మనుషులుంటే తొందరగానే అవుతుంది. వంతెనకి రెండు వైపులా తవ్వకమే ఆలస్యం."

"ఐతే ఎక్కడ తవ్వాలో నువ్వు ముగ్గెయ్యి. మావోల్లు తవ్వుతారు."

సన్యాసితో పనిచేసిన రేవు కూలీలు డ్యూటీ దిగి నేరుగా గెడ్డ దగ్గరికి వచ్చేవారు. తువ్వాలు తలకి చుట్టి పార పట్టేవారు. రోజంతా బస్తాలు మోసిన భుజాలు. నేను గీసిన ముగ్గు గీత వెంట కందకం చకచకా పరిగెత్తింది. ఆడవాళ్లు మట్టి తట్టలు అందుకున్నారు. నా చొక్కా పట్టుకున్న మనిషి అందరికంటే ముందు ఉండేవాడు. క్షమాపణ అడగలేదు, నేనూ కోరలేదు. పైపు ఎత్తుకునేటప్పుడు ఒక కొస అతను పట్టాడు, ఇంకో కొస నేను పట్టాను.

ప్రతి జాయింటునీ ఈసారి నా కళ్లతో చూశాను. సీసం కరిగించి పోస్తుంటే పక్కనే కూర్చున్నాను. అప్పటినుంచి అప్పల్రాజుని 'అప్పల్రాజు గారూ' అని పిలవడం మొదలుపెట్టాను. అతను మొదట సిగ్గుపడి, "ఏటి బాబూ ఇది, ఎగతాలేటి?" అన్నాడు. తర్వాత అలవాటుపడ్డాడు. రెండు వారాలు నిండకముందే కొత్త పైపులో నీళ్లు వదిలాం.

విచారణ

విచారణ ఆ చలికాలంలో జరిగింది. పై ఆఫీసు నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. పొడవాటి బల్ల, ఫైళ్లు. నేను ఒక పక్క నిలబడ్డాను. మూర్తిగారు గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. కంట్రాక్టరు లాయరుని తెచ్చుకున్నాడు. అప్పల్రాజు గారిని అడిగారు, ఆయన గెడ్డలో చూసినది చూసినట్టు చెప్పారు. చివరికి నీలమ్మని పిలిచారు. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

అధికారి మర్యాదగానే అడిగారు. "అమ్మా, నీ భర్త చావుకి బాధ్యులెవరని నువ్వు అనుకుంటున్నావు?"

"పైపు గెడ్డలో పాతినోడు ఒకడు. సూడకండా సంతకం ఎట్టినోడు ఈ బాబు. నాను నోరు కొట్టుకుని సెప్తే ఇననోడూ ఈ బాబే" అంది నీలమ్మ, నా వైపు వేలు చూపించి.

గుమాస్తా రాసుకుంటున్నాడు. నాకు రావలసిందే వచ్చిందనుకున్నాను. ఆశ్చర్యంగా, గుండెల్లో బరువు కొంచెం తగ్గినట్టు కూడా అనిపించింది. ఎవరూ నన్ను కాపాడే అబద్ధం చెప్పలేదు.

"అయితే ఇతన్ని ఉద్యోగంలోంచి తీసేయమంటావా?" అన్నారు అధికారి.

నీలమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "తీసీడానికి నువ్వెవులు, నానెవులు బాబూ. ఐతే ఒక్క మాట అడుగుతాను, సెప్పు. మా గెడ్డ ఒక్కటే తవ్వినారు. ఇంకా ఉన్నాయంట గదా. ఈ బాబుకి ఎక్కడెక్కడున్నాయో తెలుసు, భయమూ తెలిసింది. ఈ బాబుని ఇంటికి పంపీత్తే, కొత్తగా ఒచ్చినోడు మల్లీ టీ దుకానం కాడే నిలబడతాడు. మిగతావి ఎవుడు తవ్వుతాడు?"

అధికారి కలం కింద పెట్టారు.

కంట్రాక్టరుని పనుల జాబితాలోంచి తొలగించారు. నాకు శిక్ష పడింది. ఎంతో, ఎలాంటిదో ఇక్కడ అనవసరం. పడవలసిందే. బదిలీ మాత్రం చేయలేదు. అదే ఏరియాలో ఉంచి, గెడ్డ దాటే ప్రతి లైనూ తవ్వి చూసి రిపోర్టు ఇవ్వమని ఉత్తర్వులో రాశారు.

ఆ ఉత్తర్వు చేతికి వచ్చినది ఒక శనివారం సాయంత్రం. సోమవారం దాకా ఆగుదామా అని అప్పల్రాజు గారిని అడిగాను. ఆయన కడ్డీ, గునపం అప్పటికే సైకిలుకి కట్టేశారు. మర్నాడు ఆదివారం. ప్రార్థన ముగియగానే చర్చి గుమ్మంలోంచే నేను బయల్దేరాను. రిఫైనరీ వెనక రెండో గెడ్డ దగ్గర ప్యాంటు మడిచి ఇద్దరం బురదలోకి దిగాం.